ఈనె తీయడం

శాంటా క్లారాలో చుట్టల ఫ్యాక్టరీ.
నూట ఇరవై బల్లలు, మధ్యలో ఎత్తు మీద నా కుర్చీ.
వాళ్ళు ఆకు చుడతారు, నేను చదువుతాను.
పొద్దున పేపరు, పదిన్నర దాటాక నవల.
ముప్పై ఏళ్ళుగా నా జీతం దీనికే.

నచ్చితే చంద్రవంక కత్తుల్ని బల్లకేసి కొడతారు,
రేకుల కప్పు మీద వాన పడ్డట్టు.
నచ్చకపోతే నేల మీదికి జారవిడుస్తారు.
గొంతు తడారిపోవడానికి
ఒక్క కత్తి చాలు.

ఆ మార్చిలో నా కథే నేను చదివాను.
రాసిందెవరంటే, ఎవరో తూర్పు వైపువాడట, అన్నాను.
ఒక విధవరాలు, ఆమె పడవ,
బాకీ వసూలుకొచ్చే ఒక దుర్మార్గుడు.
రెండో పేజీలో ఒక కుంటి కుక్క.

మొదటి పేజీ నిండా సూర్యోదయమే.
ఒక్క ఎరుపుకి ఏడు పోలికలు.
కత్తులు ఆకుల్ని కోస్తున్నాయి,
బల్లల్ని తాకడం లేదు.
బాకీవాడు వడ్డీ చెబుతూ పళ్ళు కొరికాడు.
సరిగ్గా పడవ మునిగే వేళకి
ఇరవై ఏళ్ళ కిందట తప్పిపోయిన అన్న
ఓడ మీద ప్రత్యక్షమయ్యాడు.

ఠంగుమంది నేల.

మధ్యాహ్నం కాఫీ దగ్గర రెమిహియో అన్నాడు:
"ఆ అన్న ఓడ దిగుతుంటే
రాసినవాడి చెయ్యి కనబడింది సార్, మణికట్టు దాకా.
అప్పు మా ఇంటికి కాకతాళీయంగానే వచ్చింది.
తీరడం మాత్రం అలా తీరలేదు."

ఎడెల్మిరా అంది:
"వాడి పళ్ళ గురించి చదివారు గానీ
ఆ పళ్ళతో ఏం తింటాడో చదవలేదు.
మా అద్దె వసూలువాడు
చిన్నదానికి జ్వరమని నిమ్మకాయలు తెచ్చాడు.
అద్దె కూడా పట్టుకుపోయాడు."

వెనక నుంచి ఎవరో:
"జాలరికీ జడ్జికీ పసిపిల్లకీ ఒకటే నోరు!"
ఆ నోరు ఎవరిదో చెప్పకుండా నవ్వారు.

ఈనెలు తీసే కాసిల్డా తలెత్తలేదు.
"మొగుడు పోయిన రోజు నేను ఏడవలేదు.
పొయ్యి మీద చిక్కుళ్ళు మాడుతున్నాయేమోనని
లోపలికెళ్ళాను. మాడాయి.
గుండె పగిలిందని మీ ఆవిడ మూడుసార్లంది.
ఒక్కోసారికీ నాకు నమ్మకం తగ్గుతూ వచ్చింది."

తూర్పువాడి కథకి "మీ ఆవిడ" ఏమిటని
నాకు ఇంటికెళ్ళాక తట్టింది.

కాసిల్డా ఆకు మొదలు పట్టుకుంటుంది,
ఒక్క లాగు.
ఈనె చేతికొస్తుంది, ఆకు చిరగదు.
ఈనె ఉన్న చుట్ట ఒక పక్కే కాలుతుంది.

ఆ రాత్రి నా చివరి పేజీలో
అందంగా నిలబెట్టుకున్న నీతిని అలాగే లాగాను.
పేజీ చిరిగింది.
మళ్ళీ రాశాను. మళ్ళీ చిరిగింది.

సూర్యోదయం పోయింది.
అన్న తప్పిపోయినవాడిగానే ఉండిపోయాడు.
బాకీవాడికి కీళ్ళనొప్పులిచ్చి, తీసేశాను,
జాలిని చిల్లరకి కొంటున్నట్టుంది.
నిమ్మకాయలు ఇచ్చాను, ఎడెల్మిరాని అడిగే.
విధవరాలు పడవలో నీళ్ళు తోడుతూ
అప్పు లెక్క వేసింది, తప్పొచ్చింది,
మళ్ళీ మొదట్నుంచీ వేసింది.
గుండె మాట ఎత్తలేదు.

జూన్లో చదివాను.
అయిపోయింది.
ఒక్క కత్తీ బల్లని కొట్టలేదు, నేలా రాలలేదు.
రెమిహియో చేతిలో చుట్ట సగంలో ఆగి ఉంది.
అది అతనికి కూలి నష్టం.

చివరి వరసలోంచి,
చేరి పది రోజులు కాని యూసిమీ చెయ్యెత్తింది:
"సార్, కుక్క ఏమైంది?"

రాత్రి ఒంటిగంటకి లైటు వేశాను.
రెండో పేజీలో అది ఇంకా ఒడ్డునే కూర్చుని ఉంది,
మూడు కాళ్ళ మీద బరువు వేసి,
పడవ వెళ్ళినవైపే చూస్తూ.